పిలవని పేరు

నేను ఇంతకుముందు సంతకం తప్ప ఏదీ రాసినదాన్ని కాను. మా గురువుగారి అరుగు మీద జరిగిన ఒక సంగతి మాటల్లోనే పోతుందేమోనని రాస్తున్నాను.

మా గురువు దాలినాయుడుగారు ముప్పై ఏళ్ళు జిల్లా కోర్టులో బంట్రోతుగా చేశారు. జడ్జిగారి హాలు వాకిట్లో నిలబడి కక్షిదారుల పేర్లూ సాక్షుల పేర్లూ మూడేసిసార్లు పిలవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం దిగినా అలవాటు దిగలేదు. రోజూ దీపాల వేళకి ఆయన ఇంట్లో కూటం జరుగుతుంది. పదిహేనిరవై మంది చేరి తత్వాలు పాడుకుంటారు. మొదలయ్యే ముందు ఆయన అరుగు అంచున నిలబడి, వీధివైపు తిరిగి, శిష్యుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పేరు వినబడినవాళ్ళు మెట్టెక్కి లోపలికి వెళ్ళి కూర్చోవాలి. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, పేరు వినబడందే ఎవరూ మెట్టెక్కరు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. నాలుగు రోజులు పోయాక వాళ్ళకీ అలవాటైపోతుంది.

ఆ శిష్యుల్లో పైడమ్మ ఒకతె. పోలీసు స్టేషను ప్రహరీగోడ వారన పెనం పెట్టుకుని పంతొమ్మిదేళ్ళుగా అట్లు పోస్తోంది. స్టేషనువాళ్ళు వద్దంటే మర్నాడు అక్కడ పెనం ఉండదు, ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేదు. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. తత్వం అందుకున్నప్పుడు కూడా పెదవులు కదిలేవే గాని గొంతు వినబడేది కాదు.

అలాంటి మనిషి ఒక మంగళవారం, కూటం అయి అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, గురువుగారి దగ్గరికి వెళ్ళి ఒక మాట అడిగింది.

"కోర్టువాళ్ళు పేరు పిలవని మనిషికి ఆ కేసుతో ఏం సంబంధం ఉంటుంది గురువుగారూ?"

గురువుగారు ఏ కేసని అడగలేదు. ఊళ్ళో ఆ రోజుల్లో అందరి నోటా ఉన్నది ఒకటే కేసు.

రెండేళ్ళ కిందట లోకనాథం అని, మోటార్లకి తీగ చుట్టే పనివాణ్ణి, ఏదో దొంగతనం గురించి అడగాలని స్టేషనుకి రమ్మన్నారు. పొద్దున్న వెళ్ళినవాడు సాయంత్రానికి శవమై బయటికొచ్చాడు. ఎస్సై మీదా ఇద్దరు కానిస్టేబుళ్ళ మీదా హత్య కేసు పెట్టారు. అదే ఇప్పుడు ఆఖరి వాదనల దాకా వచ్చింది. సోమవారం ప్రభుత్వ వకీలు మాట్లాడాడు. మంగళవారం పోలీసుల తరపు వకీలు మాట్లాడాడు. తీర్పు పదిరోజుల తరవాతికి వేశారు.

కోర్టు నుంచి వచ్చే దారి పైడమ్మ పెనం ముందునుంచే కాబట్టి, రెండు రోజులూ జనం తీర్పు అక్కడే చెప్పేశారు. సోమవారం జిరాక్సు కొట్టు ఆయన, ముగ్గురికీ ఉరి తప్ప వేరే మాట లేదన్నాడు. ప్రభుత్వ వకీలు చివర్లో గొంతు తగ్గించి మాట్లాడితే హాల్లో ఫ్యాను చప్పుడు వినబడిందని స్టాంపులమ్మే పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మంగళవారం అదే జిరాక్సు కొట్టు ఆయన, తొందరపడి ఎవర్నీ అనకూడదండీ అన్నాడు. స్టాంపుల పెద్దాయన అయితే పోలీసుల వకీలు ఎలా చూపించాడో తనే చెయ్యి వేలాడేసి చూపించాడు: ఊరివాళ్ళు దొంగని పట్టుకుని కుడిచెయ్యి విరగ్గొట్టి స్టేషనుకి తెచ్చి పడేశారట, వచ్చేటప్పటికే సగం చచ్చి ఉన్నాడట. కాదు, బాగానే నడిచి వచ్చాడని చెప్పే కన్ను ఈ ఊళ్ళో ఒక్కటి ఉంటే చూపించండని వకీలు సవాలు చేశాడట. జడ్జిగారు రాసుకోవడం ఆపి తలెత్తారట. చూసినవాడే లేకపోతే పాపం ఆయన మాత్రం ఏం చేస్తారని అందరూ జాలిపడ్డారు. జాలిపడి, ఇంకో అట్టు వెయ్యి పిన్నీ అన్నారు.

స్టేషనులో హెడ్డు కానిస్టేబులు గవరయ్య కూడా అక్కడే నిలబడి తింటున్నాడు. ఆ రోజు అతని ముఖం తేటగా ఉంది. "పిన్ని అట్టు తిన్నవాడికి చెయ్యి విరగడమేంటి, ఇనప చువ్వ అయిపోదూ," అని నవ్వించాడు. పైడమ్మ అట్టు తిరగేసింది.

రెండేళ్ళ కిందట, స్టేషనుకి వెళ్ళిన ఆ పొద్దున్న లోకనాథం ఆమె దగ్గరే తిన్నాడు. మూడు అట్లు చెప్పి, రెండు తిని, లోపలినుంచి కేక వస్తే మూడోది ఉంచమ్మా వచ్చి తింటానన్నాడు. తుంచుకుని తిన్నది ఆ కుడిచేత్తోనే. ఆ చేత్తోనే జుట్టు సవరించుకుని మెట్లెక్కాడు. మధ్యాహ్నం లోపల కేకలు మొదలయ్యాక గవరయ్య బయటికొచ్చి ఆమెతో ఒకే ఒక మాట అన్నాడు: "పిన్నీ, నీ పెనం నువ్వు చూసుకో." అప్పటినుంచి ఆమె పెనమే చూసుకుంటోంది. విచారణకి వచ్చిన పెద్ద ఆఫీసర్లు గోడవారన అట్లు పోసుకునేదాన్ని మనిషిగా లెక్కపెట్టలేదు. సాక్షుల్లో ఆమె పేరు లేదు.

లోకనాథం తల్లి నీలమ్మ మాత్రం, వాయిదా ఉన్నా లేకపోయినా, రోజూ వచ్చి కోర్టు వరండాలో బల్ల మీద కూర్చునేది. మంగళవారం సాయంత్రం పైడమ్మ దగ్గర మంచినీళ్ళు అడిగి తాగింది. వాదనల గురించి ఎవరేమడిగినా ఆమె చెప్పేది ఒకటే. ఆ పొద్దున్న వాడు ఏమీ తినకుండా వెళ్ళాడని. వినేవాళ్ళు, అది కేసులో మాట కాదు గనక, తలాడించి పోయేవారు. పైడమ్మ గ్లాసు తిరిగి అందుకుని కడిగి బోర్లించింది. ఆ సాయంత్రమే గురువుగారిని ఆ మాట అడిగింది.

మర్నాడు, బుధవారం, దీపాల వేళకి గురువుగారు అరుగు అంచున నిలబడి పేర్లు పిలిచారు. ఒక్కొక్కరే మెట్టెక్కారు. పేర్లన్నీ అయిపోయాయి. పైడమ్మ పేరు రాలేదు. ఆయన ఆమెకేసి చూశారు, చూసి లోపలికి వెళ్ళిపోయారు. కూడా వచ్చిన ఆవిడ వెనక్కి తిరిగి, హాజరుపట్టీలోంచి కొట్టేశారా ఏంటే అని నవ్వింది. తత్వం మొదలైంది. పైడమ్మ మెట్టెక్కలేదు, ఇంటికీ పోలేదు. నిలబడి నిలబడి కాళ్ళు లాగితే ఒక కాలి బరువు ఇంకో కాలి మీద వేసుకుంది. మొదటి తత్వం అయింది, ఆఖరిదీ అయింది. అటుకులూ బెల్లం పంచుకుని అందరూ ఆమె పక్కనుంచే వెళ్ళిపోయారు.

గురువుగారు బయటికొచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నారు.

"నా పేరు పిలవలేదండీ."

"పిలవకపోతే వెళ్ళిపోవచ్చుగా."

"ఎలా వెళ్ళిపోతానండీ. రావలసినదాన్నని నాకు తెలుసు కదా," అంది పైడమ్మ.

అలవాటు లేని గొంతు కావడాన ఆ మాట కొంచెం పెద్దగానే వచ్చింది. ఎదురింటివాళ్ళు తొంగిచూశారు. ఆమె తను అన్నది తనే విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురువుగారు మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. ఆమె వాటా అటుకులు ఆమె చేతిలో పోశారు.

"తీర్పు చదివేదాకా కోర్టు తలుపు మూయరమ్మా. ఆ తలుపు దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి."

ఆ మాట అని లేచి లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న స్టేషను గోడవారన పొయ్యి వెలగలేదు. పైడమ్మ ఉతికిన చీర కట్టుకుని కోర్టుకి వెళ్ళి ప్రభుత్వ వకీలు గది ఎక్కడని అడిగింది. గది ముందు కొత్త బంట్రోతు, నీ పేరు పిలిచారా అన్నాడు. పిలవలేదంది. మరెందుకొచ్చావంటే, వకీలుగారితో చెప్పవలసింది ఉందంది. ఆయన వచ్చేదాకా బయట కూర్చోమన్నాడు. వరండాలో బల్ల మీద నీలమ్మ ఎప్పట్లాగే కూర్చుని ఉంది, చోటిచ్చి పక్కకి జరిగింది. పైడమ్మ కూర్చుని, లోపల చెప్పబోయేదానికంటే ముందుగా, ఆ రోజు ఆమె కొడుకు రెండు అట్లు తినే వెళ్ళాడని ఆమెతో చెప్పింది.