క్రాంకు మీద మూడు గీతలు

కొండకింది మఠంలో కొట్రేశుని నమ్మనివాళ్లు లేరు. కొట్రేశు నమ్మేవాళ్లూ లేరు, ఒక్క మఠాధిపతి చెన్నబసవయ్యగారు తప్ప.

చెప్పులు విడిస్తే ఒకటి ఈ గుమ్మం దగ్గర, రెండోది ఆ గుమ్మం దగ్గర విడిచేవాడు. జతగా ఉంటేనే కదా దొంగకి ఆశ పుట్టేది. పాలవాడు పాలు పోస్తుంటే చెంబులోకి కాదు, పాలవాడి కళ్లలోకి చూసేవాడు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వెళ్లి, ఇందాక లాగింది నిజంగా తనేనా అని వెనక్కి వచ్చి మళ్లీ లాగేవాడు. అప్పుడప్పుడు తనలో తనే నవ్వుకునేవాడు కూడా. ఊళ్లో అందరూ అయిపోయారు, ఇక అనుమానించడానికి నేనే మిగిలాను అని.

అలాంటివాడి చేతిలో అయ్యగారు కారు పెట్టారు.

కారంటే తెల్ల అంబాసిడరు. తెలుపన్నది ఒకప్పటి మాట. ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన మఠానికి సమర్పించుకున్నది. ఏటా శ్రావణమాసంలో చెన్నబసవయ్యగారు అందులో కూర్చుని చుట్టుపట్ల పల్లెలన్నీ తిరిగేవారు. శిష్యుల ఇళ్లలో జొన్నరొట్టె తిని, పసిపిల్లల మెడలో లింగం కట్టి, గట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ముల్ని ఒకే మంచం మీద కూర్చోబెట్టి వచ్చేవారు. మోకాళ్లు అరిగిపోయాక ఆయనకి కారు తప్ప దారి లేదు. ఈ ఏడు కారుకీ మోకాళ్లు అరిగాయి.

ఆయిలు పోసింది పోసినట్టు తాగుతోంది. వెనక నీలంపొగ. మొన్న వంక దాటి గడ్డ ఎక్కుతుంటే చొప్ప వేసుకొస్తున్న ఎద్దులబండి దాన్ని దాటిపోయింది. ఆ బండివాడు అయ్యగారిని చూసి, బండి ఆపి, దిగి దణ్ణం పెట్టి, మళ్లీ ఎక్కి మరీ దాటాడు.

శ్రావణం దగ్గర పడుతోంది. కారు కదలకపోతే ఈ ఏడు అయ్యగారు పల్లెలు చూడరు. ఆయన వయసులో ఈ ఏడు అన్నది చిన్న మాట కాదు. వచ్చే ఏటి మాట శివుడెరుగు.

"ఇంజన్ సంగతి నువ్వే చూడు కొట్రేశూ" అన్నారు అయ్యగారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంజన్ల గురించి కొట్రేశుకి తెలిసింది ఈ కథ చెబుతున్నవాడికంటే పిసరంత ఎక్కువ. అంటే ఏమీ తెలియదనే.

మెకానిక్ దాదాపీరు బండిని స్టార్టులో ఉంచి, ఆయిలు పోసే మూత తీసి చూశాడు. లోపలినుంచి పొగ గుప్పుగుప్పున కొట్టింది. "బోరుకొచ్చిందప్పా, సిలిండర్లు అరిగిపోయినాయి" అన్నాడు. అయినా గుండె గట్టిదే, పారేయొద్దు అన్నాడు. విప్పి లేతు షాపులో బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, క్రాంకు సాన పట్టిస్తే ఇంకో తరం నడుస్తుందట.

లారీ స్టాండు వెనక పాత ఇంజన్లు అమ్మే రంగయ్య శెట్టిది వేరే శాస్త్రం. చచ్చినదానికి మందు దేనికన్నాడు. తన దగ్గర ఒక ఇంజన్ ఉందన్నాడు. డాక్టరు కారులోంచి దించిందట. ఆ డాక్టరు ఇంటినుంచి ఆస్పత్రికి, ఆస్పత్రినుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ పోయినవాడు కాదట. అది వేసుకుంటే పొద్దున వచ్చి సాయంత్రానికి పోవచ్చన్నాడు.

కొట్రేశు ఆలోచనలో పడ్డాడు. దాదాపీరు పాతదే బాగు చేద్దామంటాడేం? పనంతా అతనికే కాబట్టి. శెట్టి మార్చెయ్యమంటాడేం? సరుకు అతనిది కాబట్టి. ఈ ఇద్దరితో సంబంధం లేని మూడోవాణ్ణి, ఇంకో మెకానిక్కుని అడిగితే దాదాపీరు చెప్పిందే నిజమన్నాడు. ఓహో, వీళ్లిద్దరూ ఒకటే అనుకున్నాడు కొట్రేశు. నాలుగోవాడు కాదన్నాడు. వీడికి దాదాపీరంటే గిట్టదు అనుకున్నాడు. ఏ లాభమూ లేకుండా సలహా చెప్పేవాడు దొరకాలంటే ఇంజన్ అంటే ఏమిటో తెలియనివాడిని అడగాలి. అలాంటివాడు మఠంలోనే ఉన్నాడు, రోజూ అద్దంలో కనిపిస్తాడు.

శెట్టి ఇంజన్ని చెక్క దిమ్మెల మీద పెట్టి తిప్పి వినిపించాడు. తేనె పోసినట్టు మోగింది. అంత తియ్యగా మోగడమే కొట్రేశుకి నచ్చలేదు. చిక్కటి ఆయిలు పోస్తే చప్పుడు దాక్కుంటుందని ఎవరో చెప్పగా విన్నాడు. డాక్టరు ఎవరని అడిగితే పోయాడన్నాడు శెట్టి. డాక్టరే పోయాడంటే ఇంజన్ సంగతేమిటి?

కొత్త దొంగకంటే పాత దొంగ నయమనుకుని దాదాపీరుకే అప్పగించాడు. కానీ అప్పగించి ఊరుకోలేదు. పొద్దున్నే షెడ్డుకి వచ్చి ఒక డబ్బా బోర్లించుకుని కూర్చునేవాడు. దాదాపీరు స్పానరు తీస్తే మెడ సాచేవాడు. నట్టు విప్పితే లేచి వచ్చి, అది ఎక్కడ పెట్టాడో చూసి వెళ్లి కూర్చునేవాడు. చివరికి దాదాపీరు, సామీ కాస్త వెలుతురు వదులు, నీ నీడలో బోల్టు కనపళ్లేదన్నాడు.

"నీ పని నువ్వు చెయ్ బాయ్. నేను చూస్తుంటాను, అంతే" అన్నాడు కొట్రేశు.

దాదాపీరు పనిలోకి వంగాడు. ఒకసారి మాత్రం బిగించాల్సిన చోట రెండుసార్లు వదులు చేసి, నాలుక కరుచుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కొట్రేశు అది చూశాడు. అనుకున్నంతా అయింది, వీడికి పని రాదు అనుకున్నాడు.

క్రాంకు లేతు షాపునుంచి వచ్చిన రోజు శుక్రవారం. పొడుగ్గా, వంకర్లు తిరిగి, బరువుగా ఉండే ఇనుము అది. పిస్టన్ల పోటంతా తీసుకుని తిప్పుగా మార్చేది అదే. అందులో బేరింగులు పట్టుకునే చోట్లు మాత్రం అద్దంలా ఉంటాయి. దాదాపీరు దాన్ని పసిపిల్లవాడిని పడుకోబెట్టినట్టు గుడ్డ మీద పెట్టాడు. ఇది ఇంతకుముందే సాన పట్టిన క్రాంకు అని చెప్పాడు. ఇదే ఆఖరి సాన. ఇంకోసారి పట్టడానికి ఇందులో మందం లేదు.

తర్వాత చేతులు కడుక్కుని జుమ్మా నమాజుకి వెళ్లాడు.

షెడ్డులో కొట్రేశు, క్రాంకు మిగిలారు.

అంత మెరుస్తోంది కదా, రేపు తను లేనప్పుడు దీన్ని తీసి ఇంకెవరి బండిలోనో వేసి, మఠానికి ఏ తుప్పుదో బిగిస్తే? నల్లగా ఉండే ఇనుములో ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఆవులకి వాత వేసినట్టు దీనికీ ఒక గుర్తు ఉండాలి. నేల మీద విరిగిన ఆకురాయి ముక్క కనిపించింది. గరుకుగా ఉన్నచోట గీస్తే గీత ఆనలేదు. అందుకని నున్నగా మెరిసేచోట గీశాడు. మఠం సొత్తు కనక మఠం గుర్తే పెట్టాడు. అడ్డంగా మూడు విభూతి రేఖలు. పనిలో పనిగా కళ్లు మూసుకుని శివా అనుకున్నాడు.

దాదాపీరు తిరిగి వచ్చి, క్రాంకు మీది గుడ్డ సర్దబోయి ఆగాడు. బొటనవేలి గోరు పెట్టి మెల్లగా లాగాడు. గోరు తగిలి ఆగింది. మళ్లీ లాగాడు. మళ్లీ ఆగింది. అతను క్రాంకు మీది మూడు గీతలు చూశాడు. తలెత్తి కొట్రేశు నుదుటి మీది మూడు గీతలు చూశాడు. ఎవరు గీశారని అడగలేదు.

చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ఇంక ఇది పనికిరాదప్పా" అన్నాడు. "బేరింగుని కొరికేస్తుంది. వేరే క్రాంకు దొరికేలోపు శ్రావణం దాటిపోతుంది. శెట్టి దగ్గరున్న ఇంజనే చూసుకుందాం. నేనే వేసిస్తా."

కొట్రేశు డబ్బా మీదినుంచి లేచి నిలబడ్డాడు. క్రాంకు పోయినందుకు కాదు. తన అనుమానం నిజమైనందుకు. మొన్నటిదాకా పాతదే బంగారమన్నవాడు ఇవాళ శెట్టి పేరెత్తాడు. ఇద్దరూ ఎక్కడ కలిశారు? ఎప్పటినుంచి? జుమ్మాకి పోయాడా, శెట్టి దగ్గరికి పోయాడా? ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా లెక్కలు కట్టాడు. ప్రతి లెక్కా సరిపోయింది.

మర్నాడు అయ్యగారి క్షవరం. మంగలి రామన్నకి చూపు మందగించినప్పటినుంచీ ఆ పని కొట్రేశుదే. పెరట్లో ఎండపొడలో పీట వేశాడు. అయ్యగారు కూర్చున్నారు. కొట్రేశు గడ్డం తడిపి, కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగుతూ తన ఫిర్యాదంతా చెప్పుకొచ్చాడు. దాదాపీరు మాట మార్చడం, శెట్టి తియ్యటి ఇంజన్, డాక్టరు చావు, ఒకటీ వదల్లేదు. గీతల సంగతి కూడా దాచలేదు. దాచాల్సినంత సంగతి అందులో ఉందని అతనికి తోచలేదు.

"వెంట్రుకంత గీతయ్యా. అంత లావు ఇనుముకి అదొక లెక్కా? వాడు బెదిరిస్తున్నాడు. ఇప్పుడు పాతదే బాగు చేయించాలో, మార్చెయ్యాలో మీరే చెప్పండి. ఎవరిని నమ్మేది?"

అయ్యగారు "కానీ" అన్నట్టు ముఖం ఎత్తారు.

కొట్రేశు చెంప మీద కత్తి ఆనించాడు. అయ్యగారి చెయ్యి పైకి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

తూలుతున్నారేమో, పట్టు కోసం పట్టుకున్నారేమో అనుకున్నాడు కొట్రేశు. కత్తి కిందికి దించాడు. ముసలివేళ్లు కూడా కత్తితోపాటే దిగాయి. అతను ఆపకముందే ఆపాయి. తిప్పకముందే తిప్పాయి. అయ్యగారి కళ్లు తెరిచే ఉన్నాయి, కత్తి వాదర మీదే ఉన్నాయి. ఇన్నేళ్లలో క్షవరం చేయించుకుంటూ ఆయన కళ్లు తెరవడం కొట్రేశు చూడలేదు. సగం క్షవరంలో గురక పెట్టే మనిషి ఆయన.

"అయ్యా, చెయ్యి వదిలితే..."

"నీ పని నువ్వు చెయ్ రా. నేను చూస్తుంటాను, అంతే."

చెవి కింద మలుపు దగ్గర ఒక చెయ్యి ఇటు లాగింది, ఇంకో చెయ్యి అటు లాగింది. చురుక్కుమంది. తెల్లటి నురగలో ఎర్రటి దారం ఒకటి దిగింది.

కొట్రేశు కత్తి పీట మీద పడేసి పటికముక్క అందుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారి తప్పింది లేదు.

"ఎంత తెగిందిరా?" అన్నారు అయ్యగారు.

"వెంట్రుకంతయ్యా."

"ఓ, వెంట్రుకంతేనా" అన్నారాయన.

పటిక అద్దుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పటిక మంటకి అయ్యగారి దవడ కాస్త అదిరింది. అయినా ఆయన చెయ్యి తీయమనలేదు.

కొట్రేశు పటికముక్క పక్కన పెట్టాడు.

"మిగతాది రేపు చేస్తానయ్యా. ఈ పూట నా చెయ్యి నిలకడగా లేదు. వణుకుతోంది."

అయ్యగారు రెండు చేతులూ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. గడ్డం పైకెత్తి, గొంతు చాచి, కళ్లు మూసుకున్నారు.

"వణకనీరా. నేను పట్టుకోను."

కొట్రేశు కత్తి తీసి కడిగాడు. చెంప అయింది. గడ్డం అయింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి, ఎప్పట్లాగే, చిన్నగా గురక మొదలైంది.

నీళ్లు పారబోసి, కత్తి తుడిచి పెట్టి, తలుపైనా మూయకుండా షెడ్డుకి వెళ్లాడు. దాదాపీరు విప్పిన సామానంతా కిరసనాయిలులో కడుగుతున్నాడు.

"బాయ్, ఆ గీతలు నావి" అన్నాడు కొట్రేశు.

"తెలుసు" అన్నాడు దాదాపీరు.

"శెట్టి ఇంజన్ నువ్వే పోయి విను. బాగుందని తోస్తే దించు. బాగాలేదని తోస్తే ఏం చేద్దామో అదీ నువ్వే చూడు. శ్రావణానికి అయ్యగారు ఊళ్లకి పోవాలి."

దాదాపీరు కడగడం ఆపి అతని వైపు చూశాడు. ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు చూశాడు.

"నువ్వు రావా?"

"మఠంలో పనుంది" అన్నాడు కొట్రేశు.

ఆ పూట మఠంలో అతనికి చెయ్యాల్సిన పనేదీ లేదు.