పోశన్న పరుగెత్తిన చోటు

పోశన్న ముఖం భిక్షపతికి గుర్తు రావడం లేదు.

ఇద్దరూ ఆరేళ్లు ఒకే టీములో ఫుట్‌బాల్ ఆడారు. భిక్షపతిది మధ్య స్థానం, పోశన్నది ఎడమ అంచు. ఆ రోజుల్లో సికింద్రాబాదులో బూట్లు లేకుండానే ఆడేవాళ్లు. చీలమండకు పాత గుడ్డపట్టీ బిగించి చుట్టుకుంటే అదే బూటు. యుద్ధం వచ్చాక పోశన్న రైల్వే వర్క్‌షాపులో పని వదిలి పటాలంలో లారీ డ్రైవరుగా చేరాడు. బర్మా దారిలో వంతెన ఉందో కూలిందో చూసొస్తానని లారీలన్నిటికంటే ముందు నడిచి వెళ్లాడట. అప్పుడే బాంబు పడింది. ఆఫీసరు రాసిన ఉత్తరంలో అంతే ఉంది.

ఏడాది దాటింది. వచ్చే ఆదివారం పోశన్న పేరు మీద మ్యాచి పెట్టారు. ఆటకు ముందు అతని గురించి భిక్షపతి మాట్లాడాలి.

తల్లి పోయాక పోశన్నను పెంచింది అక్క రాజవ్వ. ఆమె ముందుగానే వచ్చి చెప్పింది. "మా తమ్ముడు ఆడంగ నేనెన్నడు సూల్లేదు బిడ్డా. గ్రౌండుకు మేమెక్కడ పోతం? ఎట్ల ఆడేటోడో నువ్వు చెప్పు. అది ఇనేటందుకే వస్త."

భిక్షపతి కాగితం ముందు కూర్చున్నాడు. పుట్టిన ఊరు రాశాడు, పనిచేసిన వర్క్‌షాపు రాశాడు, కప్పు గెలిచిన ఏడాది రాశాడు. ఎట్ల ఆడేవాడో రాయబోతే కలం ఆగిపోయింది. కప్పు గెలిచినప్పటి ఫోటో తీసి చూశాడు. కెమెరా నొక్కే వేళకు పోశన్న పక్కకు తిరిగినట్టున్నాడు, ముఖమంతా అలికేసినట్టుంది. నోరంతా తెరిచి నవ్వేవాడా, మూతి బిగించేవాడా? అదీ తెలియలేదు. భిక్షపతికి భయం పుట్టింది.

శుక్రవారం పొద్దున మదార్ సాహెబ్ దగ్గరికి పోయాడు. ఇద్దరికీ ఆట నేర్పిన ఉస్తాద్ ఆయన. గ్రౌండు అంచున కూర్చుని చిరిగిన బంతి కుడుతున్నాడు.

"ఉస్తాద్, పోశన్న యాదికొస్తలేడు. మీరన్నా చెప్పుండ్రి."

"ఎవర్నడిగినవ్?"

"దోస్తులనడిగిన. ఫోటో చూసిన."

"కాలునడిగినవా?"

పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాడు భిక్షపతి.

ఉస్తాద్ దారం కొరికి, సూది టోపీకి గుచ్చి లేచాడు. పోశన్న చోట ఇప్పుడు ఆడుతున్న జోజప్పను పిలిచాడు. జోజప్ప రైలింజనులో బొగ్గు వేసే మనిషి, నోరు ఊరుకోదు.

"ఉస్తాద్, ఎడమకు నిలబడుమంటరా? ఈ అన్న కొట్టే బంతి అందుకోవాల్నంటే నేను ఇంజను తోలుకొని రావాలె. ఏడాదిసంది గీత బయటికే కొడుతున్నడు."

అది నిజమే. అందరూ భిక్షపతికి వయసు మీద పడిందనుకుంటున్నారు. అతనూ అదే అనుకుంటున్నాడు.

ఉస్తాద్ వంగి భిక్షపతి చీలమండ పట్టీ విప్పాడు. అదే పట్టీని అతని కళ్లకు గట్టిగా కట్టాడు. బంతి తెచ్చి కాలికి తగిలేట్టు పెట్టాడు.

"ఎడమకు."

భిక్షపతి కొట్టాడు. దూరంగా బంతి పడ్డ చప్పుడైంది. కాసేపటికి బంతి మళ్లీ కాలికి తగిలింది.

"ఎడమకు."

అట్లా ఐదుసార్లు. బంతి పడ్డ ప్రతిచోటికీ ఉస్తాద్ పోయి మడమతో మట్టిలో గుంట చేశాడు. తర్వాత వచ్చి పట్టీ విప్పి, భిక్షపతిని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకుపోయాడు.

ఐదు గుంటలూ ఒక్క దుప్పటి కింద పట్టేంత దగ్గరగా ఉన్నాయి. జోజప్ప వాటికి పది అడుగులు వెనక నిలబడి ఉన్నాడు.

"ఈడ ఎవడున్నడు?" అన్నాడు ఉస్తాద్.

భిక్షపతి వంగి ఒక గుంటను చేత్తో తాకాడు. "పోశన్న" అన్నాడు.

ఉస్తాద్ జోజప్ప వైపు తిరిగాడు. "నువ్వు బంతి లేచినంక ఉరుకుతున్నవ్. వీని మోకాలు వంగంగనే ఉరుకు."

"బంతి రాకుంటే?"

"వస్తది. వీనికి ఇంకోతీరు కొట్టరాదు."

మొదటిసారి జోజప్పకు అందలేదు. రెండోసారి కాలికి తగిలి జారింది. మూడోసారి జోజప్పా బంతీ ఒకేసారి ఆ గుంటల దగ్గరికి చేరారు. జోజప్ప ఆగి, వెనక్కి చూసి, బంతిని తిరిగి భిక్షపతికి తన్నాడు.

ఆదివారం జనం బాగానే వచ్చారు. భిక్షపతి పేరు పిలిచారు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలోంచి రాజవ్వను చెయ్యి పట్టి లేపి, సున్నపు గీత దగ్గర నిలబెట్టాడు.

"అక్కా, నన్ను చూడకు. పోశన్న చోటు చూడు."

గ్రౌండు మధ్యకు పోయి బంతి పెట్టుకున్నాడు. మోకాలు వంగింది. బంతి ఇంకా నేల మీదే ఉండగా ఎడమ అంచున మనిషి కదిలాడు. ఎవరూ లేని చోటికి పరుగెత్తాడు. బంతి వచ్చి అక్కడే అతని కాలికి అందింది.

రాజవ్వ చాలాసేపు అటే చూసింది. కొంగు నడుముకు దోపుకుంది.

"ఇంకోపారి కొట్టు బిడ్డా" అంది.