పక్కలో బల్లెం

విరూపాక్షయ్యగారికి ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు. చేతికర్ర అందుకుని, అలా నడిచొద్దాం పద అనేవారు. నల్లమల అంచున ఆయన ఆశ్రమం. శిష్యులు ఉండేవి తాటాకు పాకలు. వాటికి గుమ్మాలే గాని తలుపులు లేవు.

ఒకనాటి ఉదయం వామనమూర్తి అనే శిష్యుడు మూట సర్దుకుని ఆయన ముందు నిలబడ్డాడు. అతని దాయాది రుద్రయ్య ఆ మధ్యనే ఆశ్రమంలో చేరాడు. వాళ్ల రెండిళ్లకూ గట్టు తగాదా తాతల నాటిది. గురువుగారు చూసి చూసి ఇద్దరికీ ఒకే పాక ఇచ్చారు.

"ఎదుట నిలిచిన శత్రువు నుంచి తప్పుకోవచ్చు స్వామీ. వీడు పక్కలో బల్లెం. తింటున్నా పక్కనే, పడుకున్నా పక్కనే. ఆ మాట పుట్టించినవాడికి నిద్రెలా పట్టిందో!" అన్నాడు వామనమూర్తి. చిరుత వచ్చి ఆశ్రమం దూడను ఎత్తుకుపోయిన నాటి నుంచే తనకు కునుకు లేదనీ, ఇప్పుడు వీడొచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా చాప వేస్తున్నాడనీ, పారిపోదామన్నా దారి లేదనీ వాపోయాడు. వాడినైనా మార్చండి, నన్నైనా పంపించండి అన్నాడు.

గురువుగారు కర్ర అందుకున్నారు.

కొండకొమ్ము చేరేసరికి పొద్దు బారెడెక్కింది. అక్కడ చెంచులు తేనె దించుతున్నారు. వామనమూర్తి అంచు నుంచి తొంగిచూసి చప్పున వెనక్కి జరిగాడు. లోయలో మహావృక్షాలు గరికలా ఉన్నాయి. రాతిగోడకు చేటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. వాటి రొదకు కాలికింది బండ సన్నగా అదురుతున్నట్టుంది.

దిగేవాడు బయ్యన్న. పైన తాడు పట్టేవాడు అతని బావమరిది ఈదన్న. ఇద్దరికీ పోయిన ఎండాకాలం నుంచి మాటల్లేవని అక్కడివాళ్లే నవ్వుతూ చెప్పారు. పక్కనున్నవాడు బయ్యన్న సొంత అన్న అని తెలిసి వామనమూర్తి ఉండబట్టలేక, తాడు అతని చేతికివ్వమన్నాడు.

బయ్యన్న నడుముకు ముడి బిగించుకుంటూ, "అన్నకు ఇయ్యకూడదు సామీ, అది మా కట్టుబాటు. నేను పోతే అన్న ఏడ్చి ఊరుకుంటాడు. ఈయన చెల్లెలు నా పెండ్లాం" అన్నాడు.

ఈదన్న తలెత్తకుండానే, "దినాం ఇడిచిపెట్టబుద్ధయితది. మా చెల్లె బొట్టు అడ్డమొస్తది" అన్నాడు.

పొగలు కక్కే ఆకుల కట్టతో బయ్యన్న దిగాడు. కాసేపటికి గాలి తిరిగింది. పొగ పక్కకు పోయింది. తేనెటీగలు నల్లటి దుప్పటిలా పైకి లేచాయి. అందరూ పొదల్లోకి పరుగుతీశారు. బయ్యన్న అన్న కూడా పరుగెత్తాడు, అది తప్పనలేం. గురుశిష్యులు పైపంచెలు కప్పుకుని బండ చాటున ఒదిగారు.

ఈదన్న ఒక్కడే మిగిలాడు. తాడు నడుముకు చుట్టుకుని, మడమలు రాతికి తన్నిపెట్టి కూర్చున్నాడు. ముఖం కనిపించలేదు, అంతా ఈగలే. తోలుకోవాలంటే చెయ్యి వదలాలి. వదల్లేదు. తాడు మాత్రం గుప్పెడు గుప్పెడుగా పైకి వస్తూనే ఉంది. వామనమూర్తి పంచె సందులోంచి చూశాడు. గర్భగుడి ముందు కూడా అతని చేతులు అలా తమంతట తాము జోడు కాలేదు.

బయ్యన్న అంచు ఎక్కాడు. వాచి మూసుకుపోయిన కళ్లతోనే ఈదన్న, ఇంతసేపు ఏం చేస్తున్నావని తిట్టిపోశాడు. బయ్యన్న నడుము ముడి విప్పుకున్నాడు. ఎదురుగా కూర్చుని, అతని ముఖంలోంచి ముళ్లు ఒక్కొక్కటే తీయసాగాడు.

ఆశ్రమం చేరాక వామనమూర్తి మూట చేతికి తీసుకుని, ఎటు వెళ్లాలో తోచనట్టు నిలబడిపోయాడు.

గురువుగారు కర్రను మూల చేరవేశారు.

"పక్కలో బల్లెం ఉందన్నావు. చిరుత తిరిగే ఈ అడవిలో ఆ గుమ్మానికి తలుపు లేదు గదా నాయనా, ఆ బల్లెం మొన ఎటు తిరిగి ఉందో చూశావా?"