సద్దులేని రేవు

విశ్రాంతికని దీవికొచ్చిన రాజుగారికి జాలరి నూకాలు వాళ్ల రేవు తెగ నచ్చింది, గోల తప్ప. తన వెంటొచ్చిన డప్పులు, బాకాలు మోగుతుండగానే, "ఈ గోలంతా వీళ్లదే! ఈ జాలరి గుడిసెలు పీకించండి!" అని అరిచాడు.

నూకాలు చేపలగంప ఇసుకలో దించి అడ్డం నిలబడింది.

"సద్దులేని రేవు నేను చూపిస్తాను మారాజా. నచ్చకపోతే గుడిసెలు నేనే పీకుతాను. నా తెప్ప మీద ఇద్దరికే చోటు. మీ పరివారాన్ని దీవి అవతలి ఒడ్డుకు నడవమనండి."

తెప్ప ఊపుకు రాజు కునుకు తీశాడు. నూకాలు సముద్రంలో ఓ చుట్టు తిప్పి ఒడ్డుకు చేర్చింది. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇదే నాకు కావాల్సిన చోటు!" అని నిద్రకళ్లతోనే గంతేసిన రాజు కాలికి చేపలగంప తగిలింది.

"ఇది నీది కదూ?"

"నాదే మారాజా. రేవూ అదే, గుడిసెలూ అవే. అవతలికి వెళ్లింది మీ డప్పులే."

రాజు నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు. గుడిసెలు నిలిచాయి. డప్పులవాళ్లు మాత్రం రాజు ఉన్నన్నాళ్లూ అవతలి ఒడ్డున చేపలకే వాయించారు.