బోర్లా పెట్టిన ఫిల్మ్

"నొప్పి ఎక్కడుందో చూపించే యంత్రం ఉండగా, రోగిని కూర్చోబెట్టి ఇంకా ఈ కబుర్లు అడగడం ఎందుకండీ?" అని వకుళ సూటిగానే అడిగింది. ఎముకల వైద్యం చదివి, కాకినాడలో డాక్టర్ పరాంకుశం గారి దగ్గర చేరి మూడు నెలలే అయింది. మొహమాటపడే పిల్ల కాదు. రోగి స్కాన్ ఫిల్మ్ ఇస్తే ఆయన దాన్ని బల్లమీద బోర్లా పెట్టేసి, "ఊఁ, చెప్పండి" అంటారు. ఆ అలవాటు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

ఆయన బయట కూర్చున్న నూకరాజుని పిలిచారు.

నూకరాజు ఇళ్లకు రంగులేస్తాడు. కుడి భుజం నొప్పని ఎమ్మారై తీయిస్తే, కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్ చిరిగిందని రాసిచ్చారు. ఆ రోజు నుంచి బ్రష్ ముట్టలేదు. "చెయ్యెత్తితే ఉన్నది కాస్తా తెగిపోద్దేమోనని భయమండీ. తల కూడా మా ఆవిడే దువ్వుతుందండి. ఈ పని మానేసి వాచ్‌మన్‌గా చేరిపోమంటారా?" అని అడిగాడు.

పరాంకుశం గారు అతని చెయ్యి తిప్పి, నొక్కి, బలం చూశారు. తర్వాత సొరుగులోంచి కుడి భుజానిదే ఇంకో ఫిల్మ్ తీసి, దాని మీదా నూకరాజు ఫిల్మ్ మీదా పేర్లకు ప్లాస్టర్ అంటించి, లైటు ముందు తగిలించారు.

"ఇందులో నూకరాజుది ఏదమ్మా?"

వకుళ ఒక్క చూపులో తేల్చేసింది. "ఇదే. ఎంత చిరుగో చూడండి! ఈ మనిషి చెయ్యి భుజం దాటి లేవదు. ఆ రెండోది అసలు లెక్కలోదే కాదు."

పరాంకుశం గారు లేచారు. కుడిచెయ్యి నిటారుగా చాచి, బీరువా మీదున్న బరువైన ఫైలు దింపారు. ఆ తర్వాత ప్లాస్టర్ ఊడదీశారు. కింద ఆయన పేరే ఉంది.

వకుళ మొహం కందిపోయింది. నూకరాజు మాత్రం పగలబడి నవ్వాడు. "అయ్ బాబోయ్! నాకన్నా మీకే ఎక్కువ చిరిగిందండీ! మరి నొప్పెట్టదాండి?"

"ఒకప్పుడు పెట్టేది. నొప్పి పోయింది, చిరుగు ఉండిపోయింది."

నూకరాజు కాసేపు తన చేతికేసే చూసుకున్నాడు. మెల్లగా ఎత్తాడు. పళ్లు బిగించాడు గానీ, భుజం ఎత్తుదాకా తెచ్చాడు. ఏమీ తెగలేదు. ఆయన వ్యాయామాలు చూపించి, ఈ నెల నడుమెత్తు దాకానే గోడలకు రంగులేయమని, సీలింగుల సంగతి తర్వాత చూద్దామని పంపించారు.

"అయితే ఈ ఫిల్ములన్నీ దండగేనా?" అంది వకుళ. ఓడినా వదిలే రకం కాదు.

"అదేం మాట! అతను నిచ్చెన మీంచి పడి, చెయ్యి లేవక వచ్చుంటే నేనే ముందు తీయించేవాణ్ణి," అన్నారాయన మురిపెంగా.

ఇంతలో మడమ నేలకాన్చలేక కుంటుతూ ఒకావిడ గుమ్మంలోకి వచ్చి ఫిల్మ్ అందించింది. వకుళ చెయ్యి దానికేసే వెళ్లింది.

"అది ఎక్కడికీ పోదు తల్లీ," అన్నారు పరాంకుశం గారు. "ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టు."