పెంటమ్మకు పెట్టని పేరు

మార్కండేయులుగారు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నంతసేపు ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కాదు. పోగు తెగితే మాత్రం, దాన్ని అతుకుతూ రెండు ముక్కలు చెప్పేవారు. అతుకు పడగానే మాటా ఆగిపోయేది. చీరాల పక్కన మా చేనేత పేటలో ఆయన దగ్గర వేదాంతం వినే శిష్యులం పదిమందిమి ఉండేవాళ్లం. తొమ్మిదిమంది నేతగాళ్లు, పదోవాణ్ణి బడిపంతులునైన నేను. మంచి నూలు దిగిన వారం మనకు జ్ఞానం తక్కువ దొరుకుతుందని మాలో మేం నవ్వుకునేవాళ్లం.

ఆ రోజు పొద్దున పది గంటలవేళ భావనారాయణ వచ్చి మగ్గం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ముప్పై ఏళ్ల మనిషి, మా అందరిలోకీ నెమ్మదస్తుడు. గడ్డం మాసిపోయి ఉంది.

"గురువుగారూ, రేపు మా పిల్లకి బారసాల. ఏ పేరు పెట్టాలో మీరే చెప్పాల. ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోడంలేదు," అన్నాడు.

ఇంత చిన్న సంగతికి ఇంత దుఃఖమా అని ఎవరికైనా అనిపించవచ్చు. కనుక ముందు జరిగింది చెప్పాలి.

రెండేళ్ల కిందట భావనారాయణకు తొలి చూలు ఆడపిల్ల పుట్టింది. అతని భార్య కాంతమ్మ మాట తక్కువ మనిషి. అత్తగారు కూర ఏం చెయ్యమంటే అది చేస్తుంది, ఏ చీర ఇస్తే అది కడుతుంది. అలాంటిది బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయమంటే, ఎవరినీ అడక్కుండా ఉంగరం తీసుకుని 'స్వర్ణమంజరీదేవి' అని రాసింది. పళ్లెం చాలక చివరి అక్షరం అంచు మీదికి ఎక్కింది.

పేట పేటంతా ఉలిక్కిపడింది. మా పేటలో దోమలేని ఇల్లూ, అభిప్రాయంలేని మనిషీ లేరు. గోనెపట్టా ఉయ్యాలకి జమీందారిణి పేరేమిటన్నారు కొందరు. పిల్ల నల్లగా ఉంది, స్వర్ణమంటే నవ్వరా అన్నాడు భావనారాయణ బావమరిది. అంత పేరు పెట్టి పిలిచేలోగా పిల్ల వీధి దాటిపోతుందన్నారు ఎదురింటివాళ్లు. అత్తగారు పున్నమ్మ 'పేరు గొప్ప ఊరు దిబ్బ' అని ఊరుకుంది. నేనేమైనా తక్కువ తిన్నానా? బడి రిజిస్టరు గడిలో ఈ పేరు పట్టదని నేనూ ఒక రాయి వేశాను. కాంతమ్మ మాత్రం కొట్టంలో నూలు కండెలు చుడుతూ పొద్దస్తమానం ఆ పేరు పూర్తిగా, ఒక్క అక్షరం తగ్గించకుండా పిలుచుకునేది.

పేరు పెట్టిన నలభయ్యో రోజున పిల్ల వాంతులు పట్టుకుని పోయింది. చావు ఇంట్లోనే, తల్లి వింటూ ఉండగానే, ఆ పేరు బరువుకే పోయిందన్నారు. ఆ మాట ఎవరు మొదట అన్నారో తెలియదు. అందరం తల ఊపాం.

ఇప్పుడు మళ్లీ ఆడపిల్ల. ఇరవై రోజులది. ఈసారి కోడలి చేతికి ఉంగరం ఇవ్వనని పున్నమ్మ ఒట్టు పెట్టుకుంది. మొదటి బిడ్డలు దక్కని ఇళ్లలో మావైపు ఒక పాత మందు ఉంది. పుట్టిన పిల్లను చేటలో వేసి పెరటి పెంటకుప్ప మీద పెడతారు. పొరుగావిడ వచ్చి, అయ్యో ఎవరో పారేశారని ఎత్తుకుంటుంది. కన్నవాళ్లు ఆవిడకు గుప్పెడు తవుడు పోసి పిల్లను కొనుక్కుంటారు. పెంట మీద దొరికింది కనుక పెంటమ్మ అని పేరు పెడతారు. మృత్యువు మంచి పేర్లు ఏరుకుని వస్తుందనీ, ఇలాంటి పేరు వింటే ముక్కు మూసుకుని పోతుందనీ నమ్మకం. పున్నమ్మ చేట కడిగి ఎండబెట్టి ఉంచింది.

కాంతమ్మ మాత్రం, "ఆ పేరే పెడతాను. నలభై రోజులేగా వాడింది," అందట.

పోయిన పిల్ల పేరు! ఆ మాటకు పేటలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మతి చెడిందన్నారు.

"మా అమ్మ మాట ఇంటే ఇది పిల్లని పేరెట్టి పిలవనంటంది గురువుగారూ," అన్నాడు భావనారాయణ. "రెండు రోజుల్నించీ ముద్ద ముట్టలేదు. పాలు ఇంకిపోతన్నాయి. పిల్ల ఏడుస్తానే ఉంది. పోనీ దీని మాటే ఇందామంటే, రేపు పిల్లకేమన్నా అయితే దీన్ని బతకనిస్తారా? ఒకసారి ఎట్టా అన్నారో చూశానుగా. నాకూ భయంగానే ఉంది. పేరు వల్లే పోయిందా గురువుగారూ?"

మగ్గం మీద నాడె పోగుతో ఇటూ అటూ పోతూనే ఉంది. గురువుగారు తల ఎత్తలేదు. ఇక నేనే మధ్యవర్తిత్వానికి దిగాను.

"రెండూ వద్దు, మణి అని పెట్టు. ఇద్దరికీ సర్దినట్టుంటుంది," అన్నాను.

అప్పుడు మగ్గం ఆగింది. పోగు ఏదైనా తెగిందేమోనని చూశాను. ఒక్కటీ తెగలేదు.

"మాకొక ఆడపిల్ల ఉండేది," అన్నారు గురువుగారు.

పదకొండేళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను. వాళ్లకు పిల్లల్లేరనే మేమంతా అనుకునేవాళ్లం. పంచలో ఆయన భార్య గౌరమ్మగారు రాట్నం తిప్పుతోంది. ఆ చప్పుడు కొంచెం మందగించినట్టనిపించింది.

"ఈ పేటకు రాకముందు, మా పాత పేటలోని మాట. అప్పటికి మాకు ముగ్గురు పోయారు," అన్నారాయన. "ముగ్గురికీ దేవతల పేర్లే. నాలుగోది కడుపులో ఉన్నప్పుడు, అయిదో నెలలోననుకుంటా, ఈవిడ నాతో ఒక పేరు చెప్పింది. ఆడపిల్లయితే పూర్ణచంద్రిక అని పెట్టుకుందామంది. నేను ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. మళ్లీ ఆ పేరు ఎత్తనివ్వలేదు. పిల్ల పుట్టాక చేట మోసుకెళ్లి కుప్ప మీద పెట్టింది నేనే. తవుడు పోసిందీ నేనే. పెంటమ్మ అన్నాం."

ఆయన చేతులు ఇంకా మగ్గం పలక మీదే ఉన్నాయి.

"మా అమ్మ గట్టి మనిషి. పేరు ఒక్కటే సరిపోదు, నడతా అట్లాగే ఉండాలంది. పిల్లకు కొత్త గుడ్డ కట్టకూడదు. బట్టలు నేసేవాళ్లం, ఊళ్లోవాళ్ల పాతగుడ్డలు అడిగి తెచ్చి కట్టాం. ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చెయ్యకూడదు. జుట్టు ఒత్తుగా ఉండేది. ఈవిడ దువ్వుతూ, పీచు జుట్టు, పీచు జుట్టు అనేది. ఎవరి పిల్ల అని అడిగితే పెంట మీద దొరికిందని చెప్పాలి. పిల్ల ఎదురుగానే చెప్పాలి. అన్నీ తప్పకుండా చేశాం. పిల్లకు ఒక్క జలుబైనా చెయ్యలేదు. మృత్యువు కళ్లలో దుమ్ము కొట్టామని నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి."

భావనారాయణ ముందుకు జరిగి వింటున్నాడు. అతని మొహంలో ఆశ కనబడింది. పిల్ల బతికిందన్న ముక్క ఒక్కటే అతని చెవిన పడినట్టుంది.

"ఆరో ఏట ఒక సాయంత్రం పిల్ల కనబడలేదు. వెతికితే పెరట్లో కుప్ప పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఇక్కడేం చేస్తున్నావే అన్నాను. 'నన్ను పారేసినోళ్లు ఎతుక్కుంటా వస్తారేమోనని' అంది."

గురువుగారు పోగు మీద అంటుకున్న నలుసు తీశారు.

"మేం నవ్వాం. ఇంటిల్లిపాదీ నవ్వాం. ఈ మాట పేటలో పదిమందికీ చెప్పుకుని నవ్వాం. నిజం చెబుదామా అని ఈవిడ నన్నడిగింది. వద్దన్నాను. పిల్ల అంత గట్టిగా నమ్మిందంటే మృత్యువూ నమ్ముతుందన్నాను. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆ పిల్ల అక్కడికి వెళ్లి కూర్చునేది. చీకటి పడితే తనే లేచి వచ్చేది."

ఎండ పంచలోకి వచ్చింది. వీధిలో ఎవరో నూలు ఆరవేస్తూ మాట్లాడుకుంటున్నారు. మామూలు రోజైతే ఆ మాటలకు నేనూ ఒక మాట కలిపి ఉండేవాణ్ణి.

"తొమ్మిదో ఏట విషజ్వరం వచ్చింది. పద్దెనిమిది రోజులు. పేరు చెత్తదని మృత్యువు ముక్కు మూసుకోలేదు. బస్తీ నుంచి వచ్చిన డాక్టరు చెయ్యి చూసి, సంచీ సర్దుకున్నాడు. ఇక దాచి మాత్రం ఏం లాభమని ఈవిడ..."

ఆయన అక్కడ ఆగిపోయారు. వేదాంతం చెప్పేటప్పుడు ఒక్క మాట తడుముకోని మనిషి, పలక పట్టుకుని అలా కూర్చుండిపోయారు. నాకు ఆయన వంక చూడడానికి భయం వేసింది.

రాట్నం ఎప్పుడో ఆగిపోయింది. పంచలోంచి గౌరమ్మగారు మెల్లగా అంది.

"నే చెబుతాలెండి."

ఆవిడ మావైపు తిరగలేదు. చేతిలో కండె చూసుకుంటూ చెప్పింది.

"మజ్జానం అన్నాల యాళ. పిల్లని ఒళ్లో ఏసుకున్నా. తొమ్మిదేళ్లు ఏసుకోనిదాన్ని, ఎట్టా పట్టుకోవాలో కూడా తెలవలా. అప్పుడు పిలిచానయ్యా. ఎవరింటే నాకేంటని, పేటంతా ఇనపడేట్టు పిలిచా. పూర్ణచంద్రికా, పూర్ణచంద్రికా అని మూడుసార్లు పిలిచా. పిల్లకి తెలివుంది. కళ్లు తెరిచింది. నా మొహంలోకి చూసుద్దనుకున్నా. తల తిప్పి గుమ్మం ఎంక చూసింది."

భావనారాయణ "ఎందుకమ్మా?" అన్నాడు.

"ఎవరో పిల్లొచ్చిందనుకుంది నాయనా. 'అమ్మా, ఆ పిల్లని లోపలికి పిలువు, ఎండలో నిలబెట్టమాక' అంది. నా ఒళ్లోంచి పక్కకి జరగబోయింది, ఆ పిల్లకి చోటియ్యాలని. నువ్వేనే, ఆ పిల్లవి నువ్వేనే అని చెప్పా. చెబుతానే ఉన్నా. అప్పటికే..."

ఆవిడ కండె పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్లింది. లోపల చెంబు చప్పుడైంది. చాలాసేపటిదాకా ఆవిడ బయటికి రాలేదు.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు కూడా వేసింది. రిజిస్టరు గడి గురించీ, మణి గురించీ ఆ నోటితోనే మాట్లాడాను. ఒక తల్లి పిల్లను ఏమని పిలవాలో చెప్పడానికి పేటలో ఇంతమందిమి పోగయ్యాం. పిల్ల పోతే తల్లి మీదికి తోసెయ్యడానికీ అంతమందిమీ ఉన్నాం. ఈ మధ్యలో కాంతమ్మ ఎన్నాళ్లు తిండి మానితే మాకేం? ఈ లోకం బాగుపడుతుందని నాకు అప్పుడు అనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు.

భావనారాయణ కళ్లు తుడుచుకున్నాడు. అయినా మగవాడి బుద్ధి, తండ్రి భయం ఎక్కడికి పోతాయి? లేవబోతూ మళ్లీ కూర్చుని, తెచ్చిన ప్రశ్నే మళ్లీ అడిగాడు.

"అయితే కాంత చెప్పిన పేరే పెట్టమంటారా గురువుగారూ? పెడితే పిల్ల బతుకుద్దా?"

గురువుగారు అతనివంక చూశారు. ఆయన మొహంలో కోపం లేదు, ఓదార్పూ లేదు.

"ఎవరు బతుకుతారో నాకేం తెలుసు నాయనా," అన్నారు. "మేం తొమ్మిదేళ్లూ మృత్యువుతోనే మాట్లాడాం. పిల్ల పక్కన కూర్చుని వింది."