పరుగు పందెం పోస్టరు

ఈతవాగు అడవిలో జింకలు, కుందేళ్ళు, ఏనుగులు కలిసి ఉండేవి. పింఛయ్య అనే నెమలి అక్కడ పోస్టర్లు రాసేది. ఆ పోస్టర్లకు టేకాకులు కుట్టిపెట్టే పని సూదమ్మ అనే ముళ్ళపందిది.

ఆ రోజు జింకల పరుగు పందెం. అడవంతా ఒకటే సందడి! అంతలో పెద్ద ఏనుగు గాభరాగా వచ్చింది.

"వాగు మీద వంతెన విరిగింది. జింకలు ఈ దారినే దూసుకొస్తాయి. వెంటనే పోస్టరు రాసి కట్టండి!" అంది.

పింఛయ్య మోదుగపూల రంగుతో హొయలుపోతూ రాసింది. మాటలన్నీ ఒకే కొలత. చివర తన పేరు మాత్రం రెండింతలు!

సూదమ్మ పోస్టరు దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "పింఛయ్యన్నా, పరిగెత్తేవాళ్ళకు ఇదంతా చదివే తీరిక ఏదీ? 'ఆగండి' అన్న మాట పెద్దగా రాయి."

"ఆకులు కుట్టేదానివి, నాకే చెబుతావా? అన్ని మాటలూ ముఖ్యమే. రాసిందెవరో తెలియడం ఇంకా ముఖ్యం!" అని పింఛయ్య వంతెన మొదట్లో పోస్టరు నిలబెట్టి, దాని పక్కనే పింఛం విప్పి నిలబడింది.

పందెం చూడాలని ఓ కుందేలు పరుగున వచ్చింది. "ఓహో, పింఛయ్య!" అని చదివి, అదే ఊపులో నెమలిని ఢీకొట్టింది. రెండూ బుడుంగున వాగులో పడ్డాయి! ఏనుగు తొండంతో పైకి లాగింది. పింఛం నిండా బురదే.

అప్పుడే దూరంగా డప్పు మోగింది. పందెం మొదలైపోయింది!

సూదమ్మ ఇక ఎవరినీ అడగలేదు. పోస్టరు తిరగేసి బొగ్గు అందుకుంది. సగం పోస్టరు నిండేలా "ఆగండి!" అని రాసింది. దాని కింద ఓ మోస్తరుగా "వంతెన విరిగింది". అడుగున చిన్నగా "కుడివైపు రాళ్ళ మీదుగా దాటండి". ఏనుగు దాన్ని ఎత్తి పట్టుకుంది.

వచ్చేశాయి జింకలు! దుమ్ము లేచింది.

ముందున్న జింక దూరం నుంచే "ఆగండి!" చూసి వేగం తగ్గించింది. ఇంకాస్త ముందుకొచ్చి రెండో మాట చదివింది. దగ్గరకొచ్చి మూడోది చదివి, గిరుక్కున కుడివైపు తిరిగింది. దాని వెనకే మందంతా! ఒక్క గిట్ట కూడా తడవలేదు. సూదమ్మ ఆనందం పట్టలేక గంతులేసింది.

ఆనాటి నుంచి పోస్టర్లు రాసే పని సూదమ్మకు, ఆకులు కుట్టే పని పింఛయ్యకు వచ్చాయి. మరుసటి ఏడు పందెం పోస్టరు అడుగున, చీమలకు మాత్రమే కనిపించేంత చిన్నగా "కుట్టినది పింఛయ్య" అని ఉంది. అలా రాసుకున్నది పింఛయ్యే.

నీతి: అన్నిటినీ ఒకేలా రాస్తే ఏదీ కనిపించదు, పెద్ద అక్షరం అవసరమైన మాటకే గాని మన పేరుకు కాదు.